అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడినప్పుడు

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది. జ్వరం తగ్గిందని ఒకరు, అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని మరొకరు, ప్రయాణంలో ప్రభువు కాపాడాడని ఇంకొకరు లేచి చెబుతారు. "మాకు నాలుగు లక్షల అప్పుంది, ఈ నెల వడ్డీ కట్టలేకపోయాం" అని మాత్రం ఎవరూ లేవరు. ప్రార్థన చీటీలో "ఆర్థిక ఇబ్బందులు" అని రెండు మాటలు ఉంటాయి. పాస్టరుగారు వాటిని చదివి ప్రార్థిస్తారు. తర్వాత ఇంకో చీటీ తీస్తారు.

ఆ రెండు మాటల వెనక చాలా ఉంటుంది. తాకట్టులో ఉన్న గాజులు, గ్రూపు లోను వాయిదా కట్టడానికి తెచ్చిన చేబదులు, ఆ చేబదులు తీర్చడానికి రాసిన ప్రోనోటు, భార్యకు తెలియకుండా భర్త తీసుకున్న ఫైనాన్సు, భర్తకు తెలియకుండా భార్య ఎత్తిన చీటీ. అప్పు బాధ ఎంత పెద్దదో, దాన్ని దాచుకోవాల్సి రావడం కూడా అంతే పెద్ద బాధ. ఆ మౌనంలో నలిగి ప్రాణాలు తీసుకున్నవారు మన ఊళ్లలో ఉన్నారు, మన సంఘాల్లోనూ ఉన్నారు. కాబట్టి ఈ విషయం మీద పరిశుద్ధ గ్రంథం ఏం చెబుతోందో, ఇంట్లోనూ సంఘంలోనూ మనం ఏం చేయగలమో ఒకచోట చెప్పుకుందాం.

ప్రవక్త శిష్యుడి ఇంట్లో అప్పు

2 రాజులు 4:1-7లోని కథ మనకు సండే స్కూలు నుంచీ తెలుసు. ఒక విధవరాలు ఎలీషా దగ్గరకు వచ్చి మొరపెట్టుకుంది. ఆమె భర్త ప్రవక్తల శిష్యుల్లో ఒకడు, దేవునియందు భయభక్తులు గలవాడు. అతడు చనిపోయాడు. అప్పులవాడు వచ్చి ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోతానంటున్నాడు. నూనె అద్భుతం మీద మనం చాలా ప్రసంగాలు విన్నాం. ఈసారి లెక్కల వైపు నుంచి చూద్దాం.

మొదటిది, దేవునికి భయపడినవాడి ఇంటికే అప్పు వచ్చింది. ఎలీషా ఆమెను "మీకు విశ్వాసం తక్కువైంది" అనలేదు, దాచిన పాపమేదో ఉందనీ అనలేదు. అప్పుల్లో ఉన్న కుటుంబాన్ని చూసి మనం ఎంత తేలిగ్గా ఆ మాట అనేస్తామో ఆలోచించుకోవాలి.

రెండవది, ఆమె నోరు విప్పి చెప్పింది. ఎవరికి అప్పు ఉందో, అతడు ఏం చేస్తానంటున్నాడో విప్పి చెప్పింది. అప్పుడు ప్రవక్త ఆమె ఇంట్లో ఏముందని అడిగాడు. ఏమీ లేదంటూనే కొంచెం నూనె సంగతి చెప్పింది. విడుదల ఆ జవాబు దగ్గర మొదలైంది.

మూడవది, పాత్రలు ఇరుగుపొరుగు వారివి. ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, కొన్నే కాదు, చాలా తెమ్మన్నాడు. పొరుగువారి గిన్నెలు లేకుండా ఆ నూనె పట్టేది కాదు.

నాలుగవది ముఖ్యమైనది. నూనె నిండాక ఏం చేయాలో ఆమెకు తెలియలేదు, మళ్లీ వెళ్లి అడిగింది. దాన్ని అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో పిల్లలతో కలిసి బతకమన్నాడు ప్రవక్త. అప్పులవాణ్ణి దేవుడు మాయం చేయలేదు. అద్భుతం జరిగాక కూడా ఆమె సంతకు వెళ్లాలి, బేరం చేయాలి, అప్పులవాడి చేతిలో డబ్బు పెట్టాలి. దేవుని సహాయం ఇంటి లెక్కల్ని దాటుకుని పోలేదు, ఆ లెక్కల్లోంచే వచ్చింది. ఈ వ్యాసంలో తక్కిన మాటలన్నీ ఈ ఒక్క సంగతికి వివరణే.

అప్పు పాపమా?

అవసరంలో అప్పు తీసుకోవడాన్ని వాక్యం పాపమని అనలేదు. పేదవాడికి చేయి చాపి అప్పివ్వమని ధర్మశాస్త్రమే చెబుతోంది (ద్వితీయోపదేశకాండము 15:7-8). అయితే అప్పు చేసినవాడు ఇచ్చినవాడికి దాసుడవుతాడని సామెతలు 22:7 హెచ్చరిస్తోంది. తీసుకుని తీర్చకపోవడం భక్తిహీనుల పని అని 37వ కీర్తన 21వ వచనం అంటోంది. ఎవరికీ ఏమీ అచ్చి ఉండవద్దని పౌలు రోమా 13:8లో రాశాడు.

ఇక్కడ మన కాలపు ప్రశ్న ఒకటుంది. ప్రోనోటు మీద దావా వేయడానికి చట్టం సాధారణంగా 3 సంవత్సరాల గడువు ఇస్తుంది. గడువు దాటితే "నోటు కాలం చెల్లింది" అని నిశ్చింతగా ఉండేవారున్నారు. ఆస్తిని బావమరిది పేరు మీదకు మార్చి "ఐపీ పెట్టేవారూ" ఉన్నారు. నిజంగా చితికిపోయినవాడు దివాలా పిటిషను వేసుకోవడానికి చట్టమే దారి ఇచ్చింది, అందులో సిగ్గుపడవలసింది లేదు. కానీ ఉన్నది దాచి లేదనడం అబద్ధమే. కోర్టు గడువు తీరినంత మాత్రాన మనస్సాక్షికి గడువు తీరదు. ఈ రోజు ఇవ్వలేకపోతే, "ఇవ్వాల్సింది ఉంది, ఇన్నాళ్లలో ఇంత చొప్పున ఇస్తాను" అని ఎదురుపడి చెప్పడం విశ్వాసి చేయాల్సిన మొదటి పని. ఫోను ఎత్తకుండా తిరగడం వల్ల అప్పు తగ్గదు, సాక్ష్యం మాత్రం పోతుంది.

వడ్డీ లెక్క తెలుసుకుందాం

మనం వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. చిన్నగా వినిపించే ఆ అంకెను పన్నెండుతో హెచ్చవేసి చూడాలి. రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలు 36 శాతం, ఐదు రూపాయలు 60 శాతం, పది రూపాయలు 120 శాతం. మూడు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే నెలకు 1,500 కట్టాలి. మూడేళ్లలో 54,000 కట్టేసినా అసలు 50,000 అలాగే నిలబడి ఉంటుంది.

డైలీ ఫైనాన్సు ఇంకా మోసపుచ్చుతుంది. 10,000 రాసుకుని 1,000 ముందే పట్టుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. చూడటానికి నూటికి పదే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే మనం తిరిగి కడుతుంటాం కాబట్టి, సగటున మన చేతిలో ఉండేది 4,500 మాత్రమే. దాని మీద 100 రోజులకు 1,000 అంటే ఏడాది లెక్కన సుమారు 80 శాతం.

ఇప్పుడు నెహెమ్యా 5వ అధ్యాయం తీయండి. కరువులో ధాన్యం కోసం, రాజుకు పన్ను కట్టడం కోసం జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టారు. పిల్లల్ని దాసులుగా అప్పగించారు. అప్పిచ్చినవారు పరాయివారు కాదు, సొంత సహోదరులే. నెహెమ్యా కోపపడి, పెద్దల్ని నిలదీసి, పొలాలనూ వారు తీసుకున్న నూరవ వంతునూ తిరిగి ఇప్పించాడు. ఆ నూరవ వంతు నెలకు నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతలు అర్థం చెబుతారు. అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ! ఈ రోజు మనం "ధర్మవడ్డీ" అని మెచ్చుకునే రేటు అది. బీద సహోదరుడి దగ్గర దాన్ని తీసుకున్నందుకే నెహెమ్యా వారిని సభ ఎదుట గద్దించాడు. తానూ తన బంధువులూ కూడా అప్పిచ్చామని ఒప్పుకుని, అందరితోపాటు తానూ మానుకున్నాడు.

సంఘంలో వడ్డీ వ్యాపారం చేసే సహోదరులకు, సహోదరీలకు ఈ మాట బరువుగానే ఉంటుంది. అయినా చెప్పక తప్పదు. ఒకే బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలుపొందే ఇద్దరిలో ఒకరు రెండోవారి దగ్గర ఐదు రూపాయల వడ్డీ గుంజుతుంటే, ఆ బల్లకు అర్థమేమిటి? వసూలు చేసే తీరుకు కూడా ధర్మశాస్త్రం హద్దు గీసింది. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి (ద్వితీయోపదేశకాండము 24:10-11). పొట్ట పోసుకునే తిరుగటి రాయిని తాకట్టు పట్టకూడదు (24:6). అప్పు తీసుకున్నవాడికి కూడా పరువుంటుందని దేవుడు గుర్తించాడు.

షూరిటీ సంతకం

సంఘంలో ఎక్కువ సంబంధాలు చెడేది ఇక్కడే. "ఒక్క సంతకమే కదా బ్రదర్, కట్టేది నేనే" అంటారు. ప్రేమ చూపాలనుకుని సంతకం పెడతాం. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారుడి బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. అంటే అతడు కట్టకపోతే ఆ మొత్తం మనమే కట్టాలి.

సామెతలు 6:1-5 ఇలా ఇరుక్కున్నవాణ్ణి వేటగాడి చేతికి చిక్కిన జింకతో పోల్చి, నిద్రపోకుండా వెళ్లి విడిపించుకోమంటుంది. తీర్చడానికి ఏమీ లేనివాడు హామీ ఉంటే పరుపు కూడా పోతుందని 22:26-27 అంటోంది. కాబట్టి సంతకానికి ముందు ఒక ప్రశ్న వేసుకుందాం: ఈ మొత్తాన్ని నేను నా జేబులోంచి కట్టగలనా, నా ఇంట్లోవారు అందుకు ఒప్పుకుంటారా? కాదనిపిస్తే, "అన్నా, సంతకం పెట్టలేను, నా చేతనైన ఈ రెండు వేలు ఉంచండి" అని చెప్పడం ప్రేమలేనితనం కాదు. ఇవ్వగలిగింది ఇచ్చేస్తే బంధం నిలుస్తుంది.

పని, కూలి

అప్పు మాట కూలి మాటతో ముడిపడి ఉంది. మత్తయి 20లో యజమాని సంత వీధిలో నిలబడిన కూలీలను చూస్తాడు. పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఎవరూ పిలవక సాయంత్రం వరకూ ఎదురుచూసే మనుషులు మన పట్నాల్లో ఇప్పటికీ ఉన్నారు. వారికి ఆ రోజు కూలి ఆ రోజు అన్నం. అందుకే కూలి తెల్లవారే వరకూ ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13, పొద్దుగుంకక మునుపే ఇవ్వమని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతున్నాయి. బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు 5:4లో ఉంది.

మన ఇంట్లో అంట్లు తోమే అమ్మకు జీతం పది రోజులు ఆలస్యమైతే, ఆ పది రోజులూ ఆమె ఎవరి దగ్గర వడ్డీకి తెచ్చుకుంటుందో మనకు తెలుసా? మందిరం కట్టిన మేస్త్రీకి, మైకు సెట్టు అబ్బాయికి, క్రిస్మస్ భోజనం వండినవారికి బాకీ తీర్చామా? ఇంకా బాకీ ఉంటే, కొత్త కానుక పిలుపు కంటే ముందు అది తీర్చాలి.

ఉద్యోగులకు కూడా వాక్యముంది. ఏం చేయమంటావని అడిగిన సుంకరులతో, నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పాడు. సైనికులతో ఎవరినీ బెదిరించి లాక్కోవద్దనీ, జీతంతో తృప్తి పడమనీ చెప్పాడు (లూకా 3:12-14). ఉద్యోగం మానేయమని అనలేదు, అందులోనే నిజాయతీగా ఉండమన్నాడు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు (అపొస్తలుల కార్యములు 18:3). మన ప్రభువు కూడా నజరేతులో వడ్రంగి పని చేశాడు (మార్కు 6:3). చేసే పని చిన్నదని తలవంచుకోవలసింది లేదు. నాలుగు మెట్లు దిగి ఇంకో పని చూసుకోవలసి వచ్చినా అందులో అవమానం లేదు.

కానుక ఎంత? ఎక్కడి నుంచి?

అప్పు చేసి కానుక ఇచ్చేవారున్నారు. "విత్తనం వేస్తే అప్పు తీరుతుంది" అని చెప్పి ఇప్పించేవారూ ఉన్నారు. 2 కొరింథీ 8:12లో పౌలు మాట స్పష్టంగా ఉంది: మనసుంటే చాలు, మనిషికి ఉన్నదాన్ని బట్టే అది అంగీకారం, లేనిదాన్ని బట్టి కాదు. వడ్డీకి తెచ్చిన డబ్బు మన దగ్గర ఉన్నది కాదు, ఇంకొకరిది. తల్లిదండ్రులకు చేయాల్సింది దేవునికి అర్పితమని తప్పించుకున్నవారిని మార్కు 7:9-13లో ప్రభువు గద్దించాడు. ఇంట్లో మందులకు లేకుండా వేదిక మీద ఇచ్చే కానుకను ఆయన కోరలేదు.

వేడుకల సంగతీ ఇంతే. ఓణీల ఫంక్షనుకు, గృహప్రవేశ కూడికకు, వెయ్యిమంది పెళ్లి విందుకు చేసిన అప్పు పిల్లల చదువు వరకూ వెంటాడుతుంది. కట్నం 1961 నుంచీ చట్టరీత్యా నేరం. అది ఎన్నో క్రైస్తవ ఇళ్లలో మొదటి పెద్ద అప్పు కూడా. పెళ్లి ప్రార్థన చేసే కాపరి, ముందుగా ఆ మాట అడిగే ధైర్యం తెచ్చుకోవాలి.

చింత సంగతి

"చింతపడకండి" అన్న ప్రభువు మాటను (మత్తయి 6:25-34) కొందరు లెక్కలు చూసుకోవద్దన్నట్టు వాడతారు. అదే ప్రభువు, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగాడు (లూకా 14:28). ఆకాశపక్షులు విత్తవు, కోయవు, కానీ పొద్దున్నే గూడు వదిలి ఆహారం వెతుక్కుంటాయి. లెక్క వేసుకోవడం చింత కాదు. రేపు వచ్చే కష్టాన్ని ఈ రాత్రే మోసుకుంటూ, దేవుడే లేనట్టు పడుకోవడం చింత. చాలాసార్లు లెక్క కాగితం మీద పెట్టిన రాత్రే కాస్త నిద్ర పడుతుంది, ఎందుకంటే ఇంతసేపూ మనల్ని భయపెట్టింది మనం చూడని అంకె.

ఇంట్లో చేయవలసినవి

1. ఒక సాయంత్రం భార్యాభర్తలు కలిసి కూర్చోండి. ప్రార్థించి, ప్రతి అప్పూ రాయండి: ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏం తాకట్టు. దాచింది ఏదైనా ఉంటే ఆ రాత్రే చెప్పుకోండి, విన్నవారు ఆ రాత్రి కోపం పట్టుకోవద్దు.

2. పాత అప్పు తీర్చడానికి అంతకంటే ఎక్కువ వడ్డీకి కొత్త అప్పు తేవద్దు. అన్నిటికీ కనీసం కట్టాల్సింది కడుతూ, మిగిలినదాన్ని ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు మీద పెట్టండి.

3. ఇంట్లో ఏముందో చూడండి. వాడని బంగారం, పడి ఉన్న బండి, ఏ నెలకానెల వాయిదా నడుస్తున్న వస్తువు. ఐదు రూపాయల వడ్డీ కడుతూ వాటిని దాచుకోవడం నష్టమే.

4. హక్కులు తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఏడాదికి 3 లక్షల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది మైక్రోఫైనాన్స్ అప్పు. దాన్ని ఇచ్చేముందు, ఆ కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకుండా సంస్థ చూడాలి. వసూలు కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను చేయకూడదు, బెదిరించకూడదు.

5. లోను యాపులవాళ్లు ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి. కోర్టు నోటీసు వస్తే దాచిపెట్టవద్దు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్హులకు ఉచిత సలహా దొరుకుతుంది, 15100 దాని నంబరు.

6. బతకాలనిపించకపోతే ఆ రాత్రి ఒంటరిగా ఉండవద్దు. 14416 టెలిమానస్ నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పాస్టరుగారి తలుపు కూడా తట్టండి. ప్రవక్త శిష్యుడి భార్య అదే చేసింది.

సంఘం తేవలసిన పాత్రలు

1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చి, కూలి ఇచ్చాడు. తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడి, పని మధ్య విరామంలో వాక్యం చెప్పారు. తిండి కోసం బాప్తిస్మం తీసుకున్నారనే మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపాడు. కూలి పనికి ఇచ్చాడు, మతానికి కాదు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నది దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన పితరుల్లో ఎందరో విన్న సువార్త, చేతిలో గడ్డపార ఉన్నప్పుడు విన్నదే.

ఇప్పుడు మన సంఘాలు అంత పెద్ద కాలువ తవ్వక్కర్లేదు. నెలకోసారి ఇద్దరు నమ్మకమైన పెద్దలు, ఒక బ్యాంకు ఉద్యోగి, లెక్కలు తెలిసిన ఒక సహోదరి కూర్చుని, వచ్చినవారి అప్పుల కాగితం గోప్యంగా చూసి సలహా ఇవ్వవచ్చు. కానుకల్లో కొంత వడ్డీలేని అత్యవసర నిధిగా పక్కన పెట్టి, ఆసుపత్రి, స్కూలు ఫీజు వంటి అవసరాలకు ఇవ్వవచ్చు. దాని లెక్కను ఏడాదికోసారి పేర్లు లేకుండా సంఘం ముందు పెట్టాలి. పని ఇవ్వగలవారు, పని కావాల్సినవారు కలిసే చోటు మందిరం కావచ్చు. ఇవన్నీ ఖాళీ పాత్రలే. నింపేవాడు దేవుడు, అడిగి తెచ్చేది మనం.

జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజున అతడి నోట మొదట వచ్చింది లెక్కే: సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు (లూకా 19:8). అప్పిచ్చినవారమైనా తీసుకున్నవారమైనా, వచ్చే ఆదివారానికి ముందే మన లెక్కల పుస్తకం ప్రభువు ముందు తెరుద్దాం. "ఆర్థిక ఇబ్బందులు" అని రాసిన చీటీ ఈసారి చేతికొస్తే, ఆ కుటుంబానికి ప్రార్థనతోపాటు ఒక కుర్చీ వేసి, కూర్చోబెట్టి, "మీ ఇంట్లో ఏముంది?" అని ప్రేమతో అడుగుదాం.

మన పనిలో, మన జీతంలో, మన బాకీల్లో కూడా ఆయనే ప్రభువై ఉండును గాక. ఆమేన్.